కుంగ్ ఫూ చిత్రాలు - చలన సూత్రాలు

ఉపాధ్యాయులు చూడదగిన సినిమాలు కొన్ని, చూడదగనివి కొన్ని ఉంటాయని మేము ఉద్యోగంలో చేరిన రోజులలో అందరూ అనుకొనేవారు. హాంకాంగు నుండి వచ్చే కుంగ్ ఫూ చిత్రాలు రెండవ జాబితాలోనివి. 1982లో నేనొక తాలూకా కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాడిని. అటువంటి చిత్రం ఊరికి వస్తే రెండవ ఆటకు పోయి, దీపాలు ఆర్పిన తరువాత లోపలికి వెళ్ళి, చివరి వరుసలో కూర్చొనేవాడిని. నడుమ ఒక వీరుడు, చుట్టూ ఇరవై మంది. ఒక్కొక్క గుద్దుకు ఒక్కొక్కడు గాలిలో తేలిపోయి గోడకు కొట్టుకొనేవాడు. వీరుడు నిలుచున్న చోటనుండే ఎగిరి ఇంటి కప్పు మీద వాలేవాడు. ఇది జరిగే పని కాదని నాకు తెలుసు. అయినా నా చేతులు కుర్చీ కోళ్ళను బిగించి పట్టుకొనే ఉండేవి.

ఒకనాడు విశ్రాంతి సమయంలో దీపాలు వెలిగేసరికి ముందు వరుసలో మా పదవ తరగతి పిల్లలు నలుగురు కనబడ్డారు. నలుగురూ లేచి నమస్కారం పెట్టారు. మరునాడు తరగతిలో నా పరువు నిలుపుకొనటానికి, "అదంతా అబద్ధంరా. తీగెలు కట్టి లాగుతారు. అందులో ఒక్కటీ నిజం కాదు" అన్నాను. వెనుక బల్ల నుండి ఒకడు లేచి, "ఇటుక పగలగొట్టటం కూడానా మాస్టారూ?" అని అడిగాడు. అదీ అంతేనని చెప్పి పాఠంలోకి పోయాను.

ఆ సాయంత్రం వాడు ఇంటి అరుగు మీద ఒక ఇటుకను పడుకోబెట్టి పిడికిలితో కొట్టాడు. ఇటుక పగలలేదు. చిటికెన వేలికి వెనుక అరచేతిలో ఉండే ఎముక విరిగింది. ఏ మాటనైనా ప్రయోగం చేసి చూచిన తరువాతనే నమ్మాలని ఏడాది పొడుగునా చెప్పినవాడిని నేనే. వాడు నా మాటను పరీక్షించాడు, అంతే. అంతకంటె, నేను చెప్పినది సగం తప్పు. ఆ చిత్రాలలో ఏది అబద్ధమో, అది ఎన్ని రెట్ల అబద్ధమో, ఏది నిజమో లెక్క వేసి చెప్పవలసినది. ఆ లెక్కనే ఇప్పుడు వేద్దాం. ఇందుకు కావలసిన సూత్రాలన్నీ ఉన్నత పాఠశాల పుస్తకంలోనే ఉన్నాయి.

మొదట గుద్దును తీసుకొందాం. పిడికిలితో పాటు మోచెయ్యి, భుజం కూడ కొంత బరువు కలుపుతాయి గనుక గుద్దులో పాల్గొనే ద్రవ్యరాశి 3 కిలోగ్రాములనీ, దాని వేగం సెకనుకు 8 మీటర్లనీ అనుకొందాం. ఇది బాగా సాధన చేసినవాని గుద్దే. దీని ద్రవ్యవేగం 24 యూనిట్లు. ఎదుటివాని బరువు 60 కిలోగ్రాములు. ఈ ద్రవ్యవేగమంతా వానికే చేరినా వాడు వెనుకకు కదిలే వేగం 24ను 60తో భాగిస్తే వచ్చినంత, అనగా సెకనుకు 0.4 మీటరు. మనం వీధిలో తీరికగా నడిచే వేగంలో ఇది సగం కూడ ఉండదు.

తెర మీద ఏమి జరుగుతున్నది? వాడు 5 మీటర్ల దూరంలోని గోడ దాకా, నేలను తాకకుండా పోతాడు. రొమ్ము ఎత్తు నుండి ఏ వస్తువైనా నేల మీద పడటానికి రమారమి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో 5 మీటర్లు పోవాలంటే వేగం సెకనుకు 10 మీటర్లు ఉండాలి. అప్పుడు వాని ద్రవ్యవేగం 600 యూనిట్లు. మన లెక్కకు వచ్చినది 24. సినిమాకు కావలసినది 600. కనుక ఈ అబద్ధం 25 రెట్ల అబద్ధం.

ఇంతకంటె ముచ్చటైన సంగతి వీరుని పాదాల దగ్గర ఉన్నది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం ఎదుటివానికి ముందుకు ఎంత ద్రవ్యవేగం చేరిందో వీరునికి వెనుకకు అంతే చేరాలి. ఆ తాకిడి సెకనులో వందవ వంతు కాలం జరిగిందనుకొంటే బలం 60,000 న్యూటన్లు అవుతుంది. వీరుని పాదాలకూ నేలకూ మధ్య ఉండే ఘర్షణ, వాని బరువును బట్టి, ఏ 400 న్యూటన్లో ఉంటుంది. అంటే గుద్దిన మరుక్షణం వీరుడు కూడ అంతే వేగంతో వెనుకకు ఎగిరిపోయి ఎదురుగోడకు కొట్టుకోవాలి. ఇరవై మందిని గుద్దితే ఇరవై సార్లు. న్యాయంగా తీస్తే కుంగ్ ఫూ చిత్రం బంతులాట వలె ఉంటుంది!

సెకనుకు 10 మీటర్ల వేగమంటే 5 మీటర్ల ఎత్తు నుండి పడినవాడు నేలను తాకే వేగం. చిత్రంలో గోడకు కొట్టుకొన్నవాడు బట్టలు దులుపుకొని మళ్ళీ కలియబడతాడు. నిజ జీవితంలో ఏమి జరుగుతుందో తెలియాలంటే జాకీ చాన్ సంగతి చూడాలి. పెకింగు ఒపెరా పాఠశాలలో చిన్ననాటి నుండి దొమ్మరి విద్యలు నేర్చిన ఈ నటుడు తన దూకుళ్ళు చాలవరకు తానే దూకేవాడు. 1983 నాటి 'ప్రాజెక్ట్ ఏ' చిత్రంలో గడియారపు గోపురం నుండి నిజంగానే పడ్డాడు. అయితే క్రింద వరుసగా గుడ్డ పందిళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క గుడ్డ చిరుగుతూ వేగాన్ని కొంత కొంత తినివేసింది. ఆగటానికి పట్టే దూరం పెరిగితే బలం తగ్గుతుందన్న పాఠానికి ఇంతకంటె మంచి బొమ్మ నాకు దొరకలేదు. 1986లో 'ఆర్మర్ ఆఫ్ గాడ్' చిత్రీకరణ యుగోస్లావియాలో జరుగుతున్నప్పుడు ఒక చెట్టు కొమ్మ విరిగి, సుమారు 5 మీటర్ల ఎత్తు నుండి పడ్డాడు. అక్కడ గుడ్డలు లేవు, రాళ్ళున్నాయి. పుర్రె చిట్లి, శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. మన లెక్కలోని అదే వేగం, సెకనుకు 10 మీటర్లు.

గుద్దుతో మనిషిని పడగొట్టటమే అసాధ్యమని దీనినుండి తేల్చవద్దు. 1964లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిగిన కరాటే పోటీలలో బ్రూస్ లీ తన అంగుళపు గుద్దును ప్రదర్శించాడు. పిడికిలిని ఎదుటివాని రొమ్ముకు అంగుళం దూరంలో ఉంచి, అక్కడినుండే గుద్దితే వాడు వెనుక వేసిన కుర్చీలో కూలబడ్డాడు. ఇందులో మంత్రం లేదు. నిటారుగా నిలిచిన మనిషి గరిమనాభి నేలకు మీటరు ఎత్తున ఉంటుంది. అక్కడినుండి దించిన లంబరేఖ మడమ చివరకు ఏ 10 సెంటీమీటర్ల ముందో నేలను తాకుతుంది. ఆ గరిమనాభి 10 సెంటీమీటర్లు వెనుకకు జరిగితే మనిషి పడతాడు. అందుకు సెకనుకు 0.3 మీటరు వేగం చాలు. మన మొదటి లెక్కలో వచ్చినది 0.4 కదా! పైగా అంగుళపు గుద్దు వట్టి చేతితో కొట్టేది కాదు. కాలు, నడుము, భుజం వరుసగా నిటారై, మొత్తం శరీరం నెడుతుంది. తాకిడి కాలం కొంచెం ఎక్కువ. బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చే ప్రచోదనమే ద్రవ్యవేగంలోని మార్పు గనుక, దెబ్బ చిన్నదిగా కనబడినా పని జరుగుతుంది. ఒకడు కుర్చీలో కూలబడటం నిజం. కుర్చీతో సహా గోడను చీల్చుకొని పోవటం సినిమా.

ఇక ఎగరటం. నిలుచున్న చోటనుండి పైకి ఎగిరితే మంచి ఆటగాని గరిమనాభి 60 సెంటీమీటర్లు లేస్తుంది. అప్పుడు వాడు నేలను విడిచి తిరిగి తాకే వరకు పట్టే కాలం 0.7 సెకను. మరి తెర మీద? ఈసారి ఇటువంటి చిత్రం చూచినప్పుడు చేతి గడియారంతో కొలవండి. వీరుడు గాలిలో 3 సెకన్లు ఉండటం చాలా మామూలు. పైకి పోవటానికి ఒకటిన్నర, దిగటానికి ఒకటిన్నర. భూమి మీద ఒకటిన్నర సెకను పైకి పోయేవాడు 11 మీటర్లు లేవాలి. అది మూడంతస్తుల మేడ ఎత్తు. కాని తెర మీద మనవాడు లేచినది 2 మీటర్లే. ఒకటిన్నర సెకనులో 2 మీటర్లు మాత్రమే దిగాలంటే గురుత్వ త్వరణం ఎంత ఉండాలో లెక్కిస్తే రమారమి 1.8 వస్తుంది. చంద్రుని మీద అది 1.6. అనగా వీరుడూ ప్రతినాయకుడూ హాంకాంగులో కాక ఇంచుమించు చంద్రమండలంలో పోరాడుతున్నారన్నమాట.

దీనిని సాధించటానికి రెండు పద్ధతులు ఉన్నాయి. కింగ్ హూ అనే దర్శకుడు 1971 నాటి 'ఎ టచ్ ఆఫ్ జెన్' వంటి చిత్రాలలో స్ప్రింగు వలలను వాడాడు. కెమెరాకు కనబడని చోట బిగువైన వలను అమర్చి, నటుడు దాని మీదికి దూకి పైకి లేస్తాడు. దూకబోయే క్షణం ఒక షాటు, గాలిలో ఉన్న క్షణం ఇంకొకటి, వాలటం మరొకటి. మూడూ అతికిస్తే మన మనస్సే మిగిలిన దూరాన్ని నింపుకొంటుంది. ఇందులో ఒక సొగసు ఉన్నది. వల నుండి విడివడిన తరువాత ఆ నటుని మీద పనిచేసేది భూమ్యాకర్షణ ఒక్కటే. అతని దారి నిజమైన పరావలయం. అందుకే ఆ దూకుడు మన కంటికి న్యాయంగా తోస్తుంది.

రెండవ పద్ధతి తీగె. మన సినిమావారు దీనినే రోపు అంటారు. నడుముకు పటకా కట్టి, దానికి తీగెలు తగిలించి, కప్పీల మీదుగా నలుగురైదుగురు మనుషులు లాగుతారు. 60 కిలోగ్రాముల మనిషిని సెకనుకు సెకనుకు 5 మీటర్ల త్వరణంతో పైకి లాగాలంటే తీగెలో తన్యత రమారమి 900 న్యూటన్లు ఉండాలి. మంచి ఉక్కుతో చేసిన సన్నని తీగె ఇంతకు అనేక రెట్లు మోస్తుంది. చిక్కంతా ఒక్కసారిగా లాగినప్పుడూ, ఆపినప్పుడూ వచ్చే కుదుపుతోనే. ఒకప్పుడు తీగె కనబడకుండా ఉండటానికి దానిని సన్నగా, మెరుపు లేకుండా ఉంచవలసి వచ్చేది. కంప్యూటరుతో తీగెను చెరిపివేసే వీలు కలిగిన తరువాత లావు తీగెలు వాడుతున్నారు. నటుని ప్రాణానికి అది మేలు. 2000లో వచ్చిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'లో వెదురు పొదల చివళ్ళ మీద నిలిచి కత్తులు దూసే ఘట్టం అలా తీసినదే. దాని పోరాట దర్శకుడు యువెన్ వూ-పింగ్. అంతకు ఒక ఏడాది ముందు వచ్చిన 'ది మేట్రిక్స్'కు కూడ ఆయనే.

తీగె మీద ఎగిరేవానిని పట్టుకొనటానికి విద్యార్థులకు ఒక గుర్తు చెబుతాను. జుట్టును, వదులు బట్టను చూడండి. స్వేచ్ఛగా పడేవానికి తన బరువు తనకే తెలియదు. జుట్టు, ఉత్తరీయం కూడ వానితో సమంగా పడతాయి గనుక అవి తేలినట్లు ఉంటాయి. తీగెకు వ్రేలాడేవాని జుట్టు మాత్రం బుద్ధిగా క్రిందికే వ్రేలాడుతుంది.

తీగెలు మనకు కొత్త కావు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వారు 'మాయాబజారు' వంటి నాటకాలలో పాత్రలను తాళ్ళతో రంగస్థలం మీద ఎగురవేస్తూ వచ్చారు. చూచేవారిలో తాడు సంగతి తెలియనివారు ఎవరు? నమ్మటం వేరు, ఆనందించటం వేరు. అడుగు తీసి అడుగు వేసే ప్రతివాని శరీరానికీ సూత్రాలు రాకపోయినా గురుత్వం తెలుసు. తెలుసు గనుకనే దానిని ఎవరో ధిక్కరించినట్లు కనబడితే ఒళ్ళు జలదరిస్తుంది. గురుత్వం తెలియని జీవికి కుంగ్ ఫూ చిత్రంలో రుచే ఉండదని నా అనుమానం.

కెమెరా చేసే మాయలలో ఒకటి ఉపాధ్యాయులకు బాగా ఉపయోగపడుతుంది. సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున చూపిస్తారు. పోరాటాన్ని సెకనుకు 20 బొమ్మల చొప్పున తీసి 24 చొప్పున చూపితే చేతుల వేగం 6/5 రెట్లు అవుతుంది. చూచేవారికి అనుమానం రాదు. కాని త్వరణంలో కాలం రెండుసార్లు వస్తుంది గనుక గురుత్వ త్వరణం 36/25 రెట్లు, అంటే సెకనుకు సెకనుకు 14 మీటర్లకు పైగా కనబడుతుంది. అందువల్ల అటువంటి ఘట్టంలో పడేవాడు ధబ్బున, బరువుగా పడతాడు. దీనికి ఎదురు, నెమ్మదిగా కదిలే ఘట్టాలు. సెకనుకు 60 బొమ్మలు తీసి 24 చొప్పున చూపితే కాలం రెండున్నర రెట్లు సాగుతుంది. గురుత్వం 6.25 రెట్లు తగ్గి 1.57 అవుతుంది. మళ్ళీ చంద్రుడే! తీగె లేకుండా, కేవలం బొమ్మల లెక్కతో చంద్రమండలానికి పోవచ్చునన్నమాట. ఈ ఒక్క లెక్కను తరగతిలో వేయించి చూడండి, త్వరణం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

గుద్దు తగలకుండానే తగిలినట్లు కనబడటానికి కారణం కెమెరాకు ఒకే కన్ను ఉండటం. ఒక కన్ను మూసుకొని, రెండు చేతులతో రెండు పెన్సిళ్ళు పట్టుకొని వాటి మొనలను ప్రక్కనుండి ఒకదానికొకటి తాకించటానికి ప్రయత్నించండి. తప్పిపోతాయి. దూరాన్ని కొలవటానికి రెండు కళ్ళు రెండు చోట్ల నుండి చూడాలి. పిడికిలి గడ్డానికి జానెడు దూరంలో పోయినా, కెమెరా సరియైన చోట ఉంటే మధ్యనున్న ఖాళీ కనబడదు. ఆ 'ఫట్' అనే చప్పుడు తరువాత కలిపినది. నిజమైన గుద్దుకు అంత చప్పుడు రాదు.

చివరకు ఇటుక. ఇది అబద్ధం కాదు. దీనిని కొలిచినవారిలో ఒకరు రోనాల్డ్ మెక్‌నేర్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు, కరాటేలో నల్ల పట్టీ ధరించినవాడు. తరువాత వ్యోమగామి అయ్యాడు. 1986 జనవరి 28న చాలెంజర్ నౌక పేలినప్పుడు మరణించిన ఏడుగురిలో ఆయన ఒకడు. ఆయన, ఫెల్డ్, విల్క్ అనే మరి ఇద్దరితో కలిసి 1979లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో కరాటే భౌతికశాస్త్రాన్ని గురించి వ్రాశాడు. క్షణక్షణం వెలిగి ఆరే దీపపు కాంతిలో ఫోటోలు తీసి చేతి వేగాన్ని కొలిచారు. సాధన చేసినవాని చెయ్యి సెకనుకు 10 నుండి 14 మీటర్ల వేగం అందుకొంటుంది. 3,000 న్యూటన్లకు మించిన బలాన్ని చూపుతుంది. అంత బలానికి సిమెంటు దిమ్మ విరుగుతుంది.

అయితే ఎలా విరుగుతుంది? దిమ్మను రెండు చివరల మాత్రమే ఆనించి, మధ్య ఖాళీ వదులుతారు. మధ్యలో కొట్టగానే దిమ్మ క్రిందికి వంగుతుంది. పై ముఖం నొక్కుకొంటుంది, క్రింది ముఖం సాగుతుంది. సిమెంటు, ఇటుక నొక్కుడును బాగా ఓర్చుకొంటాయి, సాగుడును ఓర్చుకోలేవు. మధ్యభాగం సుమారు ఒక మిల్లీమీటరు వంగేసరికి క్రింది ముఖాన పగులు పుట్టి పైకి ప్రాకుతుంది. పగులు మొదలయ్యేది చెయ్యి తాకిన చోట కాదు, దానికి సరిగా ఎదుటి ప్రక్కన. ఎముక ఇటువంటి సాగుడును సిమెంటు కంటె ఎన్నో రెట్లు ఓర్చుకొంటుంది. పైగా కొట్టేది అరచేతి అంచుతోనో మడమతోనో. అక్కడ కండరం మెత్తలాగా పనిచేస్తుంది.

చెయ్యి పూర్తిగా చాచకముందే దాని వేగం శిఖరాన్ని అందుకొని, ఆ తరువాత తగ్గుతుంది. కనుక సాధకులు దిమ్మ పైభాగాన్ని కాక దానికి అవతల ఉన్న చోటును గురి చూచి కొడతారు. భయపడినవాడు తాకబోయే ముందు తనకు తెలియకుండానే చేతిని నెమ్మది చేస్తాడు. దిమ్మ విరగదు. విరగనప్పుడు ఆ బలం తిరిగి చేతికే వస్తుంది.

మా విద్యార్థి ఇటుకను అరుగు మీద పడుకోబెట్టాడు. దాని క్రింది ముఖమంతా అరుగు మోస్తున్నది. అది వంగటానికి చోటే లేదు. వంగని ఇటుకకు సాగుడు లేదు, సాగుడు లేనిదే పగులు లేదు. వాడు ఇటుకను కొట్టలేదు, ఇంటి అరుగును కొట్టాడు. పైగా పిడికిలి చివరి రెండు కణుపులతో కొట్టాడు. ఆ కణుపుల వెనుక ఎముక సన్ననిది. ముందునాడు నేను "అదీ అంతే" అనకుండా నల్లబల్ల మీద రెండు ఆనికలు, వాటి మీద ఒక దిమ్మ గీచి ఉంటే అయిదు నిమిషాలు పట్టేది. కట్టు చూడటానికి వాళ్ళ ఇంటికి పోయినప్పుడు వాని తల్లి మంచినీళ్ళిచ్చి, "మీరు చెప్పినా వినలేదు మాస్టారూ" అన్నది. నేను ఏమి చెప్పానో ఆమెకు చెప్పలేకపోయాను. వాని ఎడమ ప్రక్కన మంచం మీద కూర్చొని, అక్కడే ఒక కాగితం మీద ఆ బొమ్మ గీచాను. వాడు చాలాసేపు చూచి, "అయితే రెండు ఇటుకల మీద పెట్టాల్సింది" అన్నాడు. ఆ మాటకు తల్లి వైపు చూచి, కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాను.

ఆరు వారాలకు కట్టు విప్పారు. ఆ తరువాత ఇంకొక హాంకాంగు చిత్రం వచ్చింది. ఈసారి మొదటి ఆటకే, దీపాలుండగానే పోయాను. వాడు తండ్రి చేతి గడియారం పెట్టుకొని వచ్చి నా ప్రక్కన కూర్చొన్నాడు. వీరుడు మొదటిసారి కప్పు మీదికి ఎగిరి వాలగానే నా చెవి దగ్గరకు వంగి, "మూడు సెకన్లు మాస్టారూ" అన్నాడు. ఎత్తు ఎంత అని అడిగాను. "రెండు నిలువులు ఉండదూ?" అంటూండగానే వెనుక వరుసవారు మమ్మల్ని ఊరుకోమని కసిరారు.